పొలం యూరియా

గోపాలరాజు గారికి లోకంలో రెండు పనులంటే గిట్టదు. ఒకటి, ఇంట్లో ఉన్న వస్తువుని బజారులో కొనడం. రెండోది, తనకు తెలియని సంగతి ఇంకొకరిని అడగడం. ఈ రెండూ కలిసి ఒక మంగళవారం మధ్యాహ్నం ఆయన చేత ఒక పని చేయించాయి. దాని ఫలితం ఇప్పుడు భీమవరంలో, ఉండి రోడ్డు మీద తాతాజీ మెకానిక్ షెడ్డు ముందు, క్యాబిన్ ముందుకి వంచుకుని నాలుగు రోజులుగా నిలబడి ఉంది.

కొత్త లారీ. కొని రెండేళ్ళు కాలేదు. ఈ కొత్త బండ్లకి డీజిలు ఒక్కటే పోస్తే చాలదు. పక్కన ఇంకో చిన్న ట్యాంకు ఉంటుంది. అందులో డెఫ్ అని డబ్బాల్లో అమ్మే యూరియా నీళ్ళు పోయాలి. ఆ నీళ్ళు పొగలోకి చిమ్మితే పొగలో ఉన్న విషం విరిగిపోతుందట. మసిని పట్టి ఉంచడానికి సైలెన్సరులో జల్లెడ లాంటిది వేరే ఉంటుంది. నీళ్ళు అయిపోయినా, తేడాగా ఉన్నా బండిలోని కంప్యూటరు ఊరుకోదు. ముందు లైటు వెలిగిస్తుంది, ఆ తర్వాత ఇంజను బలం తగ్గించేస్తుంది. అప్పుడు లారీ సైకిళ్ళకి దారి ఇస్తూ పోవాలి.

జరిగింది అదే. రాజుగారి చెరువుల్లో పట్టిన రొయ్యని ఐసులో సర్దుకుని కాకినాడ వైపు బయల్దేరిన లారీ, సరిగ్గా సిద్ధాంతం బ్రిడ్జి మీదికి వచ్చేసరికి చతికిలబడింది. మే నెల ఉక్క. నడక వేగంతో అది ఫ్యాక్టరీ చేరేసరికి ఐసు నీరైపోయింది, రొయ్య తలలు ఎర్రబడిపోయాయి. ఫ్యాక్టరీవాళ్ళు మూత తీసి చూసి, ముక్కు మూసుకుని, వెనక్కి తీసుకెళ్ళమన్నారు.

లారీని ఇంకో బండికి కట్టి రాజుగారి దొడ్లోకి లాక్కొచ్చారు. తాతాజీ వచ్చి చిన్న యంత్రం తగిలించి చూసి, "ట్యాంకులో ఉన్నది అసలు సరుకు కాదని చూపిస్తుందండి" అన్నాడు. అంతే, రాజుగారి అబ్బాయి సందీప్ డ్రైవరు వైపు తిరిగాడు. సందీప్ భీమవరంలోనే ఇంజనీరింగు చదివి, రెండేళ్ళుగా లారీల వ్యవహారం చూస్తున్నాడు. నష్టపోయిన కోపం, వయసులో ఉన్న కోపం రెండూ ఉన్నాయి.

"డబ్బాలు అమ్ముకుని ఏం పోశావ్ గణేష్? కాలవ నీళ్ళా?"

డ్రైవరు గణేష్‌బాబు ఆ ఇంట్లో పన్నెండేళ్ళుగా పని చేస్తున్నాడు. చుట్టూ లోడు ఎత్తే కూలీలు, పక్క చెరువుల డ్రైవర్లు, పది మంది ఉన్నారు. అతను సందీప్‌కి జవాబు చెప్పలేదు. అరుగు మీద నిలబడ్డ గోపాలరాజు గారి మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత "లేదండి" అని ఒక్క మాట అని, తాళం చెవి అరుగు మీద పెట్టి గేటు దాటి వెళ్ళిపోయాడు.

రాజుగారు ఆ పూట నోరు విప్పలేదు. ఆయన పక్షాన ఒక్క మాట చెప్పాలి. ఆయనకి అప్పటికి నిజంగానే సంగతి తెలియదు. మంగళవారం బకెట్టు సంగతి గుర్తొచ్చింది, కాదనను. కానీ అబ్బాయి అడుగుతున్నది కాలవ నీళ్ళ గురించి. తను పోసింది యూరియా. యూరియా పోయవలసిన చోట యూరియా పోస్తే తప్పేముంది?

ఆ మంగళవారం డబ్బాలు అయిపోయాయి. సాయంత్రం బండి కదలాలి. గణేష్‌బాబు భోజనానికి వెళ్ళాడు. గోడౌనులోకి వెళ్తే ఖాళీ డబ్బాల పక్కనే వరి చేలకి తెప్పించిన యూరియా బస్తాలు బొద్దుగా కూర్చుని ఉన్నాయి. వాటిని చూసేసరికి రాజుగారికి నవ్వొచ్చింది. ఇంటి నిండా యూరియా పెట్టుకుని యూరియా నీళ్ళు కొంటున్నామా అనుకున్నారు. బకెట్టులో బోరు నీళ్ళు పట్టి, నాలుగు దోసిళ్ళు వేసి, కర్రతో తిప్పి, పాత పంచెతో శుభ్రంగా వడకట్టి మరీ ట్యాంకులో పోశారు. ఎవరికీ చెప్పలేదు. ఒక నెల పోయాక సందీప్‌ని పిలిచి, నీ చదువు చెప్పని సంగతి నేను చెప్పనా అని మురిపించాలని ఆయన ఆశ.

తర్వాత లారీని తాతాజీ షెడ్డుకి చేర్చారు. ఇప్పుడు రాజుగారు అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, అతను ఆ ట్యాంకు విప్పుతుంటే చూస్తున్నారు. తాతాజీ ముప్పై ఏళ్ళుగా డీజిలు ఇంజన్ల మధ్య బతికినవాడు. ట్యాంకులోంచి పైపు లాగాడు. దాని కొస, చిమ్మే ముక్కు, లోపలి జాలీ అన్నీ తెల్లగా పెచ్చులు కట్టి మూసుకుపోయి ఉన్నాయి. వేలితో కొంచెం గీకి వాసన చూశాడు.

"వేప" అన్నాడు.

"ఏంటీ?"

"వేపనూనె వాసనండి. పొలాల్లో వేసే యూరియాకి ఇప్పుడు బస్తా బస్తాకీ వేపనూనె పట్టించే వత్తాది కదండీ. డబ్బాలో వచ్చేదానికి అసలు వాసనే ఉండదు. నూనె, ఉప్పులు అన్నీ కలిసి ఇలా బిగుసుకుపోద్ది." చెప్తూ చెప్తూ తాతాజీ మాట నెమ్మదించింది. ఒకసారి రాజుగారి వైపు చూసి, చప్పున చూపు దించుకుని, అక్కర్లేకపోయినా స్పానరు గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

గోపాలరాజు గారికి అరుగు ముందు నిలబడి తన మొహంలోకి చూసిన గణేష్‌బాబు కళ్ళు గుర్తొచ్చాయి. చెప్పాలి, ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకున్నారు. సరిగ్గా అప్పుడే సందీప్ మోటారు సైకిలు దిగాడు.

"ఇంకా శుభ్రం చేయడాలూ, కొత్త ముక్కులూ ఎందుకు నాన్నగారూ? మొత్తం పీకించేద్దాం. రాజమండ్రిలో ఒకతను ఉన్నాడు. లాప్‌టాప్ పెట్టి కంప్యూటరుకి నచ్చజెప్పేస్తాడు. ట్యాంకు తీసేస్తాడు, సైలెన్సరులో జల్లెడ తీసేస్తాడు. ఇంక యూరియా గొడవే ఉండదు."

"నేను మాత్రం ఆ పని చెయ్యనండి" అన్నాడు తాతాజీ.

"ఎందుకు చెయ్యవు తాతాజీ? ఈ రోడ్డు మీద సగం బండ్లు తీయించేసినవేగా. మూడు నెలలకోసారి ఏదో ఒక సెన్సారు పోతుంది. బండి ఆగుతుంది. రొయ్య ఆగుతుందా చెప్పు!"

"ఆగదండి. మీరన్నది నిజమేనండి. చల్లటి దేశంలో తయారుచేసిన వస్తువు తెచ్చి ఈ ఉప్పుగాలిలో మన మీద రుద్దారు, అదీ నిజమే. కానీ పొగ ఎక్కడికి పోద్దండి? ఎక్కడికీ పోదు. ఇక్కడే తిరుగుద్ది. మసి కంటికి కనబడుద్ది. కనబడకుండా కళ్ళు మండించేది ఇంకోటుంది. పట్టుకుంటే కేసు మీద పడేది కూడా డ్రైవరు మీదే."

ఈ మాట సందీప్‌కి కొత్త కాదు. సంక్రాంతికి ముందు ఇదే ప్రస్తావన వస్తే గణేష్‌బాబు కూడా ఎదురు చెప్పాడు. తీయిస్తే ఆ బండి నేను నడపనండి అన్నాడు. అతని భార్య వీరవేణి రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేస్తుంది. లారీలు ఇంజను ఆపకుండా ఆ షెడ్డుకి వీపు ఆనించి గంటలు గంటలు నిలబడతాయి. తలుపులు తీస్తే చాలు పొగంతా ఆడవాళ్ళ మీదికే. ఆ రోజు నుంచీ సందీప్‌కి అతని మీద లోపల ఒక ముల్లు ఉండిపోయింది.

"అంత నీతులు చెప్పినవాడే డబ్బాలు అమ్ముకున్నాడు" అన్నాడు సందీప్. "మీరేమంటారు నాన్నగారూ?"

గోపాలరాజు గారు విప్పిన ట్యాంకు వైపు చూశారు. పీకేస్తే అది పాత ఇనుము కొట్టుకి పోతుంది. దానితో పాటే పెచ్చులూ పోతాయి, వేప వాసనా పోతుంది. ఇంక ఎవరూ ఎవరినీ అడగరు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా నోరు మాత్రం, "తీయించెయ్యి" అంది.

తాతాజీ స్పానరు కింద పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి భోజనానికి కూర్చుంటే ముద్ద దిగలేదు. ఎదురుగా పీట మీద తల్లి సూర్యకాంతమ్మ గారు కూర్చుని ఉన్నారు. ఎనభై రెండేళ్ళు. కాళ్ళు కదలవుగానీ అరుగు మీద కూర్చుంటే దొడ్లోకి వచ్చిన కాకిని కూడా లెక్క పెట్టగలరు.

"గోపాలం, మొన్న మంగళవారం బకెట్లో యూరియా కలుపుతున్నావ్, ఎందుకురా అది?"

రాజుగారికి పొలమారింది. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టే లోపల మాట తయారైపోయింది.

"కొబ్బరి మొక్కలకమ్మా. వేశాను."

"అదీ అనుకున్నాను. ఆకులు పసుపెక్కాయి, మంచి పని చేశావు."

ఇంతవరకూ ఆయన చేసింది ఊరుకోవడమే. నోటితో అబద్ధం ఆడటం ఇదే మొదలు. అదీ తల్లితో. మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయారు.

మధ్యాహ్నం మూడింటికి కారు తీసుకుని తనే రొయ్యల షెడ్డుకి వెళ్ళారు. గణేష్‌బాబు అక్కడ ఐసు ట్రేలు మోస్తున్నాడని ఎవరో చెప్పారు. షెడ్డు ముందు నాలుగు లారీలు వరసగా వీపులు ఆనించి గుర్రుమంటున్నాయి. ఒకదాని పొగ నల్లగా లేచి రేకుల కిందికి దూరుతోంది. మిగతా వాటి పొగ కనబడటం లేదుగానీ, కారు దిగి పది అడుగులు వేసేసరికి రాజుగారి కళ్ళు నీళ్ళు కారాయి. లోపల బల్లల ముందు ఆడవాళ్ళు ముక్కులకి పమిట చెంగులు కట్టుకుని వంచిన తల ఎత్తకుండా పని చేస్తున్నారు. ఆ వరసలో ఉన్న వీరవేణి ఆయన్ని చూసింది. లేచి నిలబడింది. నమస్కారం మాత్రం పెట్టలేదు.

గణేష్‌బాబు తడిసిన చొక్కాతోనే వచ్చాడు. ఎక్కడి నుంచో ఒక స్టూలు తెచ్చి తుడిచి వేశాడు. "కూర్చోండి రాజుగారండి."

ఆయన కూర్చోలేదు. దారి పొడుగునా కూడబలుక్కున్న మాట ఒకటి, తీరా బయటికి వచ్చింది ఇంకొకటి.

"జరిగిందేదో జరిగింది గణేష్. నేనేం మనసులో పెట్టుకోను. చినబాబుకి నేను చెప్తాను. రేపటి నుంచి వచ్చెయ్యి."

గణేష్‌బాబు మోకాళ్ళ దగ్గర తడి పిండుకున్నాడు.

"సిద్ధాంతం బ్రిడ్జి మీద బండి ఆగగానే ట్యాంకు మూత తీసి వాసన చూశానండి. వేప. మన గోడౌను వాసనండి అది. ఆ గోడౌను తాళం మీ దగ్గరా నా దగ్గరా తప్ప ఎవరి దగ్గరా లేదండి. నేను పొయ్యలేదు."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"చినబాబు గారు అడిగినప్పుడు మీ వైపు చూశానండి. మీరు చెప్తారనుకున్నాను."

"నాకు అప్పటికి తెలియదు గణేష్. మా అమ్మ తోడు. యూరియా అంతా ఒకటేననుకున్నాను."

"ఆయ్. నమ్ముతానండి" అన్నాడు గణేష్‌బాబు. "ఇప్పుడు తెలుసు కదండీ."

యాభై ఎనిమిదేళ్ళ వయసులో, వంద ఎకరాల చెరువుల యజమాని, తడి చొక్కా మనిషి ముందు తల దించుకున్నారు.

"పని ఇవ్వక్కర్లేదండి. ఆ రోజు ఉన్నోళ్ళ ముందు ఒక్క మాట చెప్పండి చాలు. దొంగోడికి బండి ఎవరిస్తారండి? ఐదుగుర్ని అడిగాను. ఒక్కరూ తాళం చెవి చేతిలో పెట్టలేదు."

"చెప్తాను. రేపు పొద్దున్న దొడ్లోకి రా. అందరి ముందూ చెప్తాను."

కారు ఎక్కుతూనే సందీప్‌కి ఫోను చేశారు. "ఆ ట్యాంకు తీయొద్దు. ఆపు."

"అయిపోయింది నాన్నగారూ! రాజమండ్రి అతను మధ్యాహ్నమే వచ్చేశాడు. ట్యాంకు పాత ఇనుము వాడు పట్టుకుపోయాడు. బండి బాణంలా ఉందండీ ఇప్పుడు!"

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి లారీ దొడ్లోకి వచ్చింది. నిజంగానే హుషారుగా వచ్చింది. గేటు దగ్గర మలుపు తిరుగుతూ వదిలిన పొగకి ఆరేసిన బట్టలు మసకబారాయి. చెరువులో రొయ్యల పట్టుబడి ఉన్న రోజు కాబట్టి కూలీలంతా ఉన్నారు. రాజుగారు పిలిపించిన తాతాజీ ఉన్నాడు. గణేష్‌బాబు లోపలికి రాకుండా గేటు స్తంభం పక్కన నిలబడ్డాడు. అరుగు మీద కుర్చీలో సూర్యకాంతమ్మ గారు ఉన్నారు.

గోపాలరాజు గారు దొడ్డి మధ్యకి వచ్చి గొంతు సవరించుకున్నారు.

"అందరూ వినండి. ఆ రోజు లారీ ఆగిపోవడానికి గణేష్ కారణం కాదు. అతను ఏమీ అమ్ముకోలేదు. ఆ ట్యాంకులో పొలం యూరియా కలిపి పోసింది నేను."

కూలీల మేస్త్రి రమేష్ బాబు రెండు చేతులూ జోడించాడు.

"రాజుగారి మనసే మనసండి! పన్నెండేళ్ళు ఉప్పు తిన్నోడు రోడ్డున పడకూడదని నింద తన మీద వేసుకుంటన్నారు. ఎవరండీ ఈ రోజుల్లో ఇలాగ!"

"అది కాదు రమేషూ, నిజంగా నేనే—"

"నాన్నగారూ" అన్నాడు సందీప్ బాధగా. "గణేష్‌ని మళ్ళీ పెట్టుకోవాలనుంటే పెట్టుకోండి. నేను కాదనను. దానికి మీరు పది మందిలో అబద్ధం ఆడాలా?"

రాజుగారు తాతాజీ వైపు తిరిగారు. "నువ్వు చూశావుగా. చెప్పు!"

తాతాజీ నేల చూపులు చూశాడు. "వాసన వేపదేనండి. పొలం యూరియానే. ఎవరు పోశారో వాసన చెప్పదు కదండీ. గోడౌను తాళం మీ దగ్గరా గణేష్ దగ్గరా ఉందాయె."

"ఇంకేం! డబ్బాలు అమ్ముకుని మన బస్తాల్లోది కలిపాడన్నమాట" అన్నాడు సందీప్. కూలీల్లో ఎవరో నాలుక చప్పరించారు. కాలవ నీళ్ళ దొంగ ఒక్క నిమిషంలో యూరియా దొంగ కూడా అయ్యాడు.

గోపాలరాజు గారికి అప్పుడు తల్లి గుర్తొచ్చింది. గబగబా అరుగు దగ్గరికి వెళ్ళారు.

"అమ్మా, నువ్వు చూశావు. మంగళవారం నేను బకెట్లో యూరియా కలపడం చూశావు కదా? అందరికీ చెప్పు."

"చూశాను" అన్నారు సూర్యకాంతమ్మ గారు గట్టిగా. రాజుగారి ప్రాణం లేచొచ్చింది. "కొబ్బరి మొక్కలకి వేశావు. నిన్న నువ్వే చెప్పావుగా భోజనం దగ్గర."

"అది అబద్ధమమ్మా. లారీలో పోశాను. నీతో అబద్ధం చెప్పాను."

ఆవిడ కొడుకు మొహంలోకి జాలిగా చూసి, దొడ్లో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా అన్నారు. "మా గోపాలం పుట్టి బుద్ధెరిగాక నాతో అబద్ధం ఆడలేదు నాయనా. వాడిది మెత్తటి గుండె. వాళ్ళ నాన్నా ఇంతే."

కూలీలు మెచ్చుకోలుగా తలలు ఊపారు.

రాజుగారికి ఇంక ఏం చేయాలో తోచలేదు. ఎవరేమనుకుంటారన్నది పోయింది. తిన్నగా గోడౌనులోకి వెళ్ళారు. బకెట్టు తీసుకుని, బోరు నీళ్ళు పట్టి, బస్తా విప్పి, దోసిళ్ళతో యూరియా వేశారు. కర్రతో తిప్పారు. ఆ పాత పంచె వెతికి తెచ్చి వడకట్టారు. పంచె అంతా తడిసిపోయింది. "చూడండి. ఇలాగే కలిపాను. ఇలాగే తెచ్చాను. ఇదిగో, ఇక్కడే—" అంటూ బకెట్టు మోసుకుని లారీ పక్కకి వెళ్ళారు.

ట్యాంకు ఉండాల్సిన చోట నాలుగు బోల్టు రంధ్రాలు, ఒక ఖాళీ ఇనప పట్టీ ఉన్నాయి. పోసి చూపించడానికి ఏమీ లేదు.

ఆయన బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. సందీప్ "నాన్నగారూ, లోపలికి రండి" అన్నాడు నెమ్మదిగా, జ్వరం వచ్చిన మనిషితో మాట్లాడినట్టు.

గేటు దగ్గర నుంచి గణేష్‌బాబు నడుచుకుంటూ వచ్చాడు. "బరువండి. ఇలా ఇవ్వండి" అని బకెట్టు ఆయన చేతిలోంచి తీసుకున్నాడు. ఎక్కడ దించాలా అని అటూ ఇటూ చూశాడు. పన్నెండేళ్ళు ఆ ఇంట్లో ఏ వస్తువునీ వృథాగా పారబోయడం అతనికి అలవాటు లేదు. గోడ వారగా ఉన్న కొబ్బరి మొక్కల దగ్గరికి వెళ్ళి, ఒక్కో మొక్క మొదట్లో కొంచెం కొంచెంగా పోశాడు.

"నేను చెప్పలా?" అన్నారు అరుగు మీంచి సూర్యకాంతమ్మ గారు. "కొబ్బరి మొక్కలకేనని."

గణేష్‌బాబు బకెట్టు బోర్లించి, కుళాయి కింద చేతులు కడుక్కుని, గోపాలరాజు గారికి నమస్కారం పెట్టాడు. అతను లారీ పక్కనుంచి గేటు వైపు నడిచాడు. కూలీలు పక్కకి జరిగి దారి ఇచ్చారు, ఒక్కరూ పలకరించలేదు.